అరుపుల కొలత

ఇరవై రెండేళ్లు బ్యూటీపార్లర్లో ఊరివాళ్ల మెడలు పిసికిన చేతులతో నూనెపిన్ని ప్రసూతి ఆస్పత్రిలో చేరింది. నొప్పులు పడేవాళ్ల నడుం నొక్కడం, చేతిరుమాలు మీద రెండు చుక్కల సువాసన నూనె వేసి ముక్కు దగ్గర పట్టడం ఆమె పని. డాక్టరమ్మ నెల గడువిచ్చింది. ఆపైన ఉంచాలో పంపాలో పెద్ద నర్సు రాసిచ్చే కాగితాన్ని బట్టి ఉంటుంది. ఆ కాగితం రాయాల్సింది ఇవాళే.

పెద్ద నర్సుకు నూనెల మీద గురి లేదు. ఆమెకు తెలిసిన కొలత ఒక్కటే: అరుపు తగ్గితే నొప్పి తగ్గినట్టు.

సరిగ్గా ఇవాళే, బస్సు కండక్టరమ్మ కాన్పుకొచ్చింది.

"లావెండరా? ఫినాయిల్‌తో కడిగిన బస్సులా ఉంది. తీసెయ్ పిన్నీ. డీజిల్ లేదా?"

"నారింజ ఉందమ్మా."

"సరే కానీ. కిందకి... ఇంకా కిందకి... ఆపు! అక్కడే! రైట్ రైట్!"

కిటికీ అద్దాలు అదిరాయి. పెద్ద నర్సు పరుగున వచ్చింది.

"ఇదా నీ వైద్యం? గేటు దాకా వినపడుతోంది."

"ఆ గొంతు ఉద్యోగానిది సిస్టర్. నొప్పిది కాదు."

"కబుర్లొద్దు. చేతులు తియ్యి. నువ్వు నొక్కకపోతే ఏం కొంప మునుగుతుందో చూద్దాం."

నూనెపిన్ని చేతులు తీసింది. పక్కకు జరిగింది.

తర్వాతి నొప్పి వచ్చింది. కండక్టరమ్మ మంచం కమ్మీ పట్టుకుని నోరు తెరిచింది. మాట రాలేదు. కళ్లలోంచి నీళ్లు మాత్రం జారాయి. ఉద్యోగంలో చేరాక ఆమె అంతసేపు నోరెత్తకుండా ఉండటం అదే మొదలు కాబోలు.

వేల కేకలు విన్న పెద్ద నర్సుకు ఆ నిశ్శబ్దానికి కాళ్లూ చేతులూ ఆడలేదు. తనే వెళ్లి నడుం మీద చేతులు వేసింది.

"ఎక్కడ నొక్కాలి? చెప్పు పిన్నీ!"

"వెన్ను చివర. అరచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా దానిమీద వెయ్యండి."

"అక్కడ కాదు, కిందకి! నిద్రపోతున్నారా సిస్టర్?" కండక్టరమ్మ గొంతు తిరిగొచ్చింది.

మూడు నొప్పులు గడిచేసరికి పెద్ద నర్సు టోపీ చెవి మీదకి జారింది. నూనెపిన్ని తీరిగ్గా రుమాలు మీద ఇంకో చుక్క వేసింది.

"చేతులు పడిపోతున్నాయి. నువ్వు రా."

"ఇంకో రెండు చూడండి సిస్టర్. కాగితంలో వివరంగా రాయొచ్చు."

"ఉంచమనే రాస్తానే తల్లీ, నీకు దణ్ణం! రా!"

"మీ సీట్ల గొడవ తర్వాత!" కండక్టరమ్మ కేక గేటు దాటింది. "ముందు ఎవరో ఒకరు నొక్కండి!"

నూనెపిన్ని చేతులు తుడుచుకుని పెద్ద నర్సును పక్కకు జరిపింది.