బాలమణి టెస్టు

నాచారంలో మందుల ఫ్యాక్టరీల మధ్య ఒక నాలుగంతస్తుల మేడ ఉండేది. పై రెండంతస్తుల్లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు తెరమీద ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మీటింగులు పెట్టుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేయడం వాళ్ళ పని. రెండువేల పదకొండు నాటి మాట ఇది. బాలమణి అక్కడ కాంట్రాక్టరు కింద ఊడ్చి తుడిచేది. చిలకానగర్ నుంచి పొద్దున్నే బస్సులో వచ్చి, కొంగు నడుముకు దోపుకుందంటే సాయంత్రం దాకా వంచిన తల ఎత్తేది కాదు. జనగామ దగ్గర పల్లెలో పదో తరగతి పాసైన మనిషి. ఆ సంగతి కంపెనీలో ఎవరూ అడగలేదు. చీపురు పట్టుకున్నదాన్ని ఏం చదివావని ఎవరడుగుతారు లెండి!

ఒకరోజు గీతిక అనే అమ్మాయి ఆమెను అద్దాల గదిలోకి పిలిచింది. ఏలూరు పిల్ల. సాఫ్ట్‌వేర్ మామూలు జనానికి సులువుగా ఉందో లేదో పరీక్షించడం ఆమె ఉద్యోగం. నిజానికి అందుకు ప్రతిసారీ బయటినుంచి కొత్తవాళ్ళను పిలిపించాలి. మేనేజరు చంద్రశేఖర్ మాత్రం "అంత తతంగం ఎందుకు, కంప్యూటర్ ముట్టుకోని మనిషి మన దగ్గరే ఉందిగా" అని తేల్చేశాడు.

"అక్కా, నేను పక్కగదిలో ఉంటాను. నువ్వు ఈ తెరమీద నన్ను పలకరించాలి, అంతే" అంది గీతిక.

బాలమణికి చెమటలు పట్టాయి. మౌసు ఒకవైపు లాగితే బాణం ఇంకోవైపు పోయింది. ఎలాగో గీతిక ముఖం కనిపించింది గాని, మైకు ఆఫ్‌లో ఉందని తెలియక "మేడమ్, ఇనవడుతుందా? ఓ మేడమ్!" అని గొంతు చించుకుంది. అద్దం అవతల కంపెనీ వాళ్ళు, ఆమె తడబడ్డ చోటల్లా సాఫ్ట్‌వేర్‌లో లోపం దొరికిందని ఆనందంగా ఏవేవో రాసుకున్నారు, ఆమె ముఖం వీడియో తీశారు. తప్పు చేస్తే ఇంత సంబరపడే మనుషుల్ని ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. గంటసేపు కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, అక్కా అక్కా అన్నారు.

నెల తర్వాత మళ్ళీ పిలిచారు. ఈసారి బాలమణి రెండు నిమిషాల్లో అంతా చేసి, మెచ్చుకుంటారేమోనని చూసింది. గీతిక ముఖం చిన్నబోయింది.

"అయ్యో, నేర్చేసుకున్నావా అక్కా! అయితే ఇంకొకళ్ళని చూసుకోవాలి."

చూశారా చోద్యం! గది బయట అడుగుపెట్టిందో లేదో సూపర్వైజరు బిక్షపతి ఎదురొచ్చాడు.

"అయిపోయిందా నీ ఏసీ మజా? మూడో అంతస్తు బాత్రూములు గట్లనే ఉన్నయ్, పో!"

వేరే మనిషి దొరక్క మూడోసారి కూడా ఆమెకే పిలుపొచ్చినప్పుడు బాలమణి చేయి కావాలనే తెరమీద దారి తప్పింది. "గిదేంది మేడమ్, అంత మారిపోయింది" అంది. గీతిక కళ్ళు మెరిశాయి. ఆ రోజు నుంచి అదే ఆట. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా బాలమణి తడబడాలి, వాళ్ళు రాసుకోవాలి, బటన్లు అటూ ఇటూ జరపాలి. దానికి వాళ్ళు "బాలమణి టెస్టు" అని పేరు కూడా పెట్టుకున్నారు.

ఖాళీ గదులు తుడుస్తూ తుడుస్తూ ఆమె మిగతాదంతా నేర్చేసుకుంది. ఒకనాడు బెంగళూరు వాళ్ళతో పెద్ద మీటింగు జరుగుతుంటే మాట వినపడలేదు. ఆరుగురు ఇంజనీర్లు వైర్లు పీకుతూ, పెడుతూ నానా హైరానా పడ్డారు. ఒలికిన టీ తుడవడానికి వచ్చిన బాలమణికి ఒక్క చూపులో అర్థమైంది, స్పీకరు మ్యూట్‌లో ఉంది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి నేల తుడిచింది. చెబితే కుర్చీ పోతుంది, చెప్పకపోతే ప్రాణం ఉగ్గబట్టుకోవాలి. అంత ఉక్కపోత ఆమె ఎండాకాలం రేకుల ఇంట్లో కూడా ఎరగదు.

ఎనిమిది నెలలు ఇలా గడిచాక, మీటింగు గది చూసుకునే అమ్మాయి ఉద్యోగం మానేసింది. క్లయింట్లను కాల్‌లో కలపడం, కెమెరా సరిచేయడం, అంతే పని. కానీ కంపెనీ ఉద్యోగం, మెడలో పేరున్న కార్డు, రోజంతా కుర్చీ. బాలమణికి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు టెన్త్ మెమో బ్యాగులో పెట్టుకుని వెళ్ళి, మీటింగు గదిలో ఇంజనీర్లతో కూర్చున్న చంద్రశేఖర్ ముందు నిలబడింది.

"సార్, ఆ పని నాకియ్యుండ్రి. నేను జేస్త."

చంద్రశేఖర్ తిట్టలేదు. తిడితే బాగుండేది. జాలిగా నవ్వి ల్యాప్‌టాప్ ఇటు తిప్పి వీడియోలు పెట్టాడు. ఒకదాని తర్వాత ఒకటి, అన్నిట్లో ఆమే. నోరు తెరుచుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, లేని బటన్ కోసం వెతుకుతూ.

"నువ్వే చూడు బాలమణీ. పోయిన వారం కూడా నీకు రాలేదు. ఎలా ఇవ్వమంటావు?"

తన ముఖమే తన మీద సాక్ష్యం చెబుతుంటే ఏమని వాదిస్తుంది? సిగ్గుతో, కోపంతో ఒళ్ళు మండిపోయింది. ఎవరినీ అడక్కుండా కుర్చీ లాక్కుని కూర్చుంది. అర నిమిషంలో మీటింగు తెరిచింది, పక్కగదిలో ఉన్న గీతికను కాల్‌లో కలిపింది, కెమెరా సరిచేసింది, అవతల గోల చేస్తున్న మైకును ఆపింది. గదిలో వాళ్ళందరూ గుడ్లప్పగించి చూశారు. చంద్రశేఖర్ దిగ్గున లేచి చప్పట్లు కొట్టాడు.

"గీతికా! అదరగొట్టేశావు! పోయిన వారం తికమకపడ్డ మనిషి నీ కొత్త వెర్షన్‌లో అర నిమిషంలో చేసేసింది! ఇంతకంటే సులువైన సాఫ్ట్‌వేర్ ఎక్కడుంది?"

"సార్, గట్ల కాదు. నాకు ముందే వచ్చు" అంది బాలమణి.

"అదే! అదే కదా మనకి కావాల్సింది! వాడేవాళ్ళకి ముందే వచ్చినట్టు అనిపించాలి. గీతికా, ఈ మాట రిపోర్టులో రాయి" అని, ఉత్సాహం పట్టలేక ఇంకో మాట కూడా అన్నాడు. "బాలమణే చేయగలిగితే ఇంక క్లయింట్లే చేసుకుంటారు. ఈ గదికి వేరే మనిషెందుకు? ఆ పోస్టు తీసేద్దాం."

మెమో బ్యాగులోంచి బయటికి రానేలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె మూడో అంతస్తు బాత్రూము కడుగుతుంటే గీతిక వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, నీకు వచ్చని నాకు తెలుసు. చాలా రోజుల్నుంచి తెలుసు."

"మరి సారుకెందుకు జెప్పలే మేడమ్?"

"చెబితే ఎనిమిది నెలల రిపోర్టులు చెత్తబుట్టలోకి పోతాయి. వాటితో పాటు నేనూ పోతాను." గీతిక తల దించుకుంది. "సోమవారం ఇంకో వెర్షన్ వస్తోందక్కా. ఎప్పటిలాగే తెలియనట్టు..."

ఆ పిల్ల చెంప ఛెళ్ళుమనిపించాలని ఉంది బాలమణికి. అక్కడే కూలబడి ఏడవాలనీ ఉంది. బయట బిక్షపతి ఎవరిమీదో అరుస్తున్నాడు.

"ఎన్ని గంటలకు రావాలె?" అని అడిగింది.