నాగావళిని వాడిన ఒక్క మనిషి

కొత్తగా పని నేర్చిన రోజుల్లో మనిషికి ఇతరులు రాసిందంతా తప్పుల తడకగానే కనిపిస్తుంది. నాకూ అంతే. రాజాంలో ఎరువుల కొట్టు పైగదిలో నేనూ, మా మేనమామ కొడుకు బావా వెబ్‌సైట్లు చేసేవాళ్లం. మేం వాడే ఫ్రేమ్‌వర్క్, అంటే వెబ్‌సైట్లు కట్టుకోడానికి ముందే రాసి ఉంచిన కోడు, ఎవరెవరో కలిసి రాసి అందరికీ ఉచితంగా వదిలినది. పేజీ చిరునామాలో తెలుగు అక్షరాలు పెడితే మాత్రం మొరాయించేది. (విత్తనాల కొట్టు నడిపే మా కస్టమరుకేమో తెలుగే కావాలి.)

బావ నిదానస్తుడు. "ఒరే, అసలుదాన్ని ముట్టుకోకు. పక్కన సిన్న ముక్క రాసి తగిలిద్దాం. అంతటిదాన్ని తెచ్చుకుంటే ఎవుడు సాకుతాడు?" అన్నాడు. నేను వినలేదు. మొత్తం కోడుకు నకలు తీసి (మా భాషలో ఫోర్క్ చేసి), నాకు నచ్చినట్టు మార్చి, 'నాగావళి' అని మా ఏటి పేరు పెట్టి ఇంటర్నెట్‌లో ఉంచాను. ఆ వారం బజారులో జనమంతా నన్నే చూస్తున్నారనిపించింది (ఎవరూ చూడలేదు).

కొన్నాళ్లకు ఒకాయన దాన్ని వాడటం మొదలుపెట్టారు. అసలు ఫ్రేమ్‌వర్క్‌లో ఏ మరమ్మతు వచ్చినా, అది నాగావళిలోకి ఎప్పుడు వస్తుందని మర్యాదైన ఇంగ్లీషులో మెయిల్ పెట్టి అడిగేవారు. నేను కూర్చుని అతికించేవాణ్ణి. ఒకచోట అతికితే ఇంకోచోట ఊడేది. గజపతినగరంలో చిన్నాన్న కూతురి పెళ్లిలో, భోజనాల బంతి దగ్గర కూడా ల్యాప్‌టాప్ తెరిచాను. ఈలోగా బావ తను చెప్పిన చిన్న ముక్క రాసి అందరికీ అందుబాటులో పెట్టేశాడు. మా కస్టమర్లందరికీ అదే నడుస్తోంది. నాగావళి మాత్రం ఆ ఒక్క మనిషి కోసం బతికుంది.

చివరికి ఓపిక చచ్చి, నంబరు అడిగి ఫోన్ చేశాను. గరివిడిలో ట్యూషన్లు చెప్పే మాస్టారట. మాటలు వెతుక్కుంటూ, నాగావళి ఆపేద్దామనుకుంటున్నానండీ, మా బావ రాసిన ముక్క వాడుకోండి అన్నాను.

"నాను ఎప్పట్నుంచో ఆ ముక్కే వాడతన్నాను బాబూ," అన్నారు మాస్టారు.

మరి నన్ను ఇన్నిసార్లు ఎందుకు అడిగారన్నాను.

"పేరు సూసి మన ఏపు కుర్రోడే అనుకున్నాను. కష్టపడి సేస్తన్నావు. అడిగేవోడు ఒక్కడూ లేకపోతే బాధ పడతావేమోనని."

బావతో చెప్తే పడీపడీ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మంచోడురా," అని టీ తెప్పించాడు.

ఆ పాత కోడు ఇప్పటికీ అప్పుడప్పుడు తెరిచి చూస్తుంటాను. ఎవరూ వాడని దానికి ప్రతి మరమ్మతూ ఎంత శ్రద్ధగా అతికించాడో ఆ కుర్రాడు. చూస్తుంటే కొంచెం ముచ్చటేస్తుంది.