చెవులతో పనిలేని సినిమాలు

మా వీధిలో ఆడవాళ్లు ఈ మధ్య నన్ను ఆపి, చూడదగ్గ సినిమా ఏదైనా ఉంటే చెప్పమని అడుగుతున్నారు. మన సినిమాలు కాదు, ఇంగ్లీషు సినిమాలూ కాదు. ఇరాన్, జపాన్, కొరియా, టర్కీ సినిమాలు. నేనేమో మూడో తరగతితో బడి మానేసిన మనిషిని. తెలుగే కూడబలుక్కుని చదువుతాను. ఉప్పల్ చౌరస్తాలో బస్సు మీది బోర్డు నేను చదివేలోపు బస్సు వెళ్లిపోతుంది. అయినా అడుగుతున్నారు కనుక చెబుతాను. చెప్పాలంటే ముందు మా ఎదురింటి వదిన సంగతి చెప్పాలి. ఆమె లేకపోతే ఈ సినిమాల గొడవ నాకూ మా మనవరాలికీ మధ్యనే ఉండిపోయేది.

మనవరాలిది కంప్యూటర్ ఉద్యోగం. వారంలో సగం రోజులు ఇంట్లోంచే పని. పని అయ్యాక టీవీకి నెట్టు పెట్టుకుని దేశదేశాల సినిమాలు చూస్తుంది. కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెడుతుంటాయి. మొదట్లో నాకు ఒళ్లు మండేది.

"వాళ్లేమంటున్నరో నీకే తెల్వదు. కింద చదువుకునుడే అయితే పుస్తకం చదువుకో. కరెంటన్న మిగుల్తది" అన్నాను ఒకరోజు.

"జర కూసో నానమ్మా. నచ్చకపోతే నేనే బంద్ చేస్త" అంది.

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. బియ్యం చాట ఒళ్లో పెట్టుకుని రాళ్లు ఏరుతూ కూర్చున్నాను. అది ఇరాన్ సినిమా. ఒక ముసలామె కుట్టుమిషన్ పాడవుతుంది. దాన్ని దుప్పట్లో చుట్టి, బస్సెక్కించి, పట్నం తీసుకుపోయి, బాగు చేయించుకుని వస్తుంది. అంతే కథ. కానీ ఆ బస్సులో దొరికిన ఒక్క సీటులో మిషన్‌ను కూర్చోబెట్టి, తాను కమ్మీ పట్టుకుని నిలబడింది చూడండి, అక్కడ చాటలో నా చేయి ఆగిపోయింది. వస్తువును అట్లా చూసుకునే మనిషి ఏ భాష మాట్లాడితే ఏమిటి, నాకు చుట్టమే.

మనవరాలు పక్క నుంచి ఒక్కో మాటా తెలుగులో చెప్పబోయింది.

"నువ్వు చెప్తుంటె నీ మొకం సూడాల్నా, సినిమా సూడాల్నా? గమ్మునుండు. నాకు సమజైతున్నది" అన్నాను.

ఆనాటి నుంచి అది మా ఇంట్లో చట్టం. సినిమా నడుస్తున్నంతసేపు ఎవరూ కథ చెప్పకూడదు.

ఇక వదిన. వరసకు ఏమీ కాదు, పిలుపుకు వదిన. మేము జనగామ వైపు నుంచి వచ్చాం, వాళ్లు గోదావరి వైపు నుంచి. మగవాళ్లిద్దరూ నాచారంలో ఒకే ఫ్యాక్టరీలో చేశారు. ఆమె పులుసులో బెల్లం వేస్తే నేను మూతి తిప్పేదాన్ని. నా జొన్నరొట్టెను ఆమె అట్టముక్క అనేది. ఇన్నేళ్లూ అట్లా పోట్లాడుకుంటూనే ఒకరింటి గిన్నెలు ఒకరింట్లో ఉన్నాయి. మా గల్లీకి గొంతు అంటే ఆమెదే. ఆమె పిలిస్తే మలుపు తిరిగిపోయిన కూరగాయల బండి కూడా వెనక్కి వచ్చేది.

అట్లాంటి మనిషికి చెవులు తగ్గాయి. ముందు ఒకటి, తర్వాత రెండోది. అడిగినదానికి కాకుండా వేరేదానికి జవాబు చెప్పేది. అందరూ నవ్వేవారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, నేనూ నవ్వాను. చెవి మిషన్ పెట్టించారు. కుక్కర్ కూత, బండ్ల హారన్, పక్కింటి మిక్సీ అన్నీ ఒకే తీరుగా వచ్చి నెత్తిన పడుతున్నాయని తీసి అల్మారాలో పడేసింది. మెల్లగా గడప దాటడం మానేసింది.

వేసవి రాగానే మా గల్లీలో ఏడాదికి సరిపడా చింతపండు తెచ్చుకుంటాం. ఒకరోజు ఒకరి వాకిట్లో అందరం కూర్చుని గింజ తీసి, నార తీసి, ఉప్పు చల్లి జాడీలో అదుముతాం. పని చేతులది, పండగ నోటిది. ఆ ఏడు వదిన రాలేదు. ఆమె కోడలు వచ్చి నా పక్కన చతికిలబడింది.

"పిన్నిగారూ, మీరైనా చెప్పండి. రోజంతా గోడ వైపు తిరిగి పడుకుంటున్నారు. అన్నం కూడా గదిలోకే తెమ్మంటున్నారు. నిన్న నేను ఎదురుగా నిలబడినా తల తిప్పలేదండీ" అంది.

ఆ మాటకు నాకు భయం పట్టుకుంది. కాళ్లు ఆగిపోయిన వాళ్లను చూశాను, కళ్లు మసకబారిన వాళ్లను చూశాను. వాళ్లు మంచంలో ఉన్నా మనుషుల మధ్యనే ఉంటారు. ఈమె మంచిగా తిరగగలిగీ మనుషుల్లోంచి వెళ్లిపోతోంది. ఇంకొన్నాళ్లు పోనిస్తే ఆ గదికే అలవాటు పడిపోతుంది, తర్వాత ఎవరు పిలిచినా రాదు.

లేచి వెళ్లాను. చేయి పట్టుకుని రమ్మని సైగ చేశాను. వదిన చేయి విడిపించుకుంది.

"నేనెందుకు వదినా? మీరంతా నవ్వుతారు. ఎందుకు నవ్వుతున్నారో తెలీకుండా నేనూ నవ్వాలి. ఎంతకాలం నవ్వను? నావల్ల కావట్లేదు" అంది.

నేను ఒక్కదాన్నే చింతపండు దగ్గరికి తిరిగొచ్చాను.

ఆ సాయంత్రం మనవరాలు ఒక టర్కీ సినిమా పెట్టింది. గొర్రెలు, కొండలు, రొట్టె కాల్చే ఒక అమ్మ. సగంలో నాకు తట్టింది. వీళ్ల మాట ఒక్కటీ నాకు తెలియదు. నేనూ చెవిటిదాన్నే ఇక్కడ. అయినా నాకేం తక్కువైంది? మన సీరియల్ పెడితే వదిన ఒక్కతే బయట నిలబడాలి. ఇది పెడితే అందరం బయటే నిలబడతాం.

మర్నాడు సాయంత్రం నేను మళ్లీ ఎదురింటికి వెళ్లాను. పిలవలేదు, బతిమాలలేదు. హాల్లో వాళ్ల చింతపండు బుట్ట ఉంది, గింజ తీయనిది. దాన్ని నెత్తిన పెట్టుకుని మా ఇంటి దారి పట్టాను.

"ఏయ్! వదినా! నా చింతపండు! ఎక్కడికి పట్టుకుపోతున్నావ్?" అని వెనకే బయలుదేరింది. ఎన్నో నెలల తర్వాత గల్లీలో ఆ గొంతు. ఆ రోజు స్టేడియంలో మ్యాచ్ ఉంది. ఉప్పల్ పోయే బండ్లన్నీ మా సందులోంచి దూరి హారన్లు కొడుతున్నాయి. ఈమెకవి వినపడవు, నేను వెనక్కి తిరిగి ఒక చేత్తో బుట్ట, ఒక చేత్తో బండ్లు ఆపుతున్నాను. ఒక పిల్లగాడు బ్రేకు వేసి "ఏమైంది అమ్మా?" అన్నాడు.

"ఏం గాలె, దొంగతనం జేస్తున్న. నువ్వు పో" అన్నాను.

మా ఇంట్లోకి వచ్చి బుట్ట లాక్కుంది. నేను ఆమె భుజం పట్టుకుని టీవీ ముందు చాప మీద కూర్చోబెట్టాను. పై వాటాలో జాకెట్లు కుట్టే ఆమె అప్పటికే వచ్చి కూర్చుంది. మనవరాలు తన పని ముగించుకుని జపాన్ సినిమా పెట్టింది. వదిన తెరను చూసింది, నన్ను చూసింది.

"ఇదేం భాష?" అంది.

నాకూ తెలియదని రెండు చేతులూ తిప్పాను. జాకెట్లు కుట్టే ఆమె కూడా తిప్పింది. వదిన ఒక్క క్షణం మా ఇద్దరి ముఖాలూ చూసి, బుట్టలోంచి కొంచెం చింతపండు తీసి గింజ గిల్లడం మొదలుపెట్టింది.

సినిమాలో మంచు కురుస్తోంది. చెక్క ఇల్లు. ఒక తల్లి, ఒక పిల్ల, మాట్లాడని తండ్రి. కొంతసేపటికి ఆ పిల్లకు తెల్లబట్ట కట్టారు. తెల్లదంటే తల నుంచి కాళ్ల దాకా తెలుపు, నెత్తి మీద కూడా తెల్లటి ముసుగు. ఇంటినిండా చుట్టాలు తలలు వంచుకుని కూర్చున్నారు.

"అయ్యో, మొగడు పోయిండు" అన్నాను.

"ఎప్పుడు పోయిండు పెద్దమ్మా? మనకు సూపియ్యనే లేదు" అంది జాకెట్ల ఆమె.

"సూపియ్యాల్నా? బట్ట కనబడ్తలేదా? గింత చిన్న పిల్లకు ఎంత కష్టమొచ్చె!"

జాకెట్ల ఆమె కళ్లు ఒత్తుకుంది. చింతపండు చేత్తోనే ఒత్తుకుంది. ఇక ఆ ఏడుపు ఆగలేదు, ముక్కు కూడా కారింది. ఆమెను చూసి నాకూ నీళ్లు తిరిగాయి. మనవరాలు దిండు ముఖానికి అడ్డం పెట్టుకుంది. పిల్ల మనసు మెత్తనిది, ఏడుస్తోందనుకున్నాను.

వదిన మా వైపు తిరిగింది. "ఎందుకేడుస్తున్నారు మీరు?"

గాజులు పగలగొట్టినట్టు, బొట్టు తుడిచినట్టు సైగ చేసి చూపించాను.

"ఛీ! నీ మొహం! అవేం మాటలు శుభమా అని!" అని కసిరింది. "ఆ తల్లి చేతులు చూడు. మడత ఎలా సర్దుతోందో చూడు, నాలుగుసార్లు సర్దింది. మనిషి పోయినింట్లో అట్లా సర్దుతారా? అది పెళ్లికూతురు. తండ్రి అందుకే మాట్లాడ్డం లేదు, నోరు తెరిస్తే ఏడుస్తాడు."

"తెల్లబట్టల పెండ్లా?" అన్నాను. మనవరాలి వైపు తిరిగాను. "చెప్పు బిడ్డా, ఏంది కథ?"

"నువ్వే గద నానమ్మా చెప్పొద్దన్నవ్" అని దిండు తీసింది. ఏడుపు కాదు, నవ్వు ఆపుకోలేక ఎర్రబడి ఉంది ముఖం. "పెండ్లే. ఎదురింటి అమ్మమ్మ చెప్పిందే కరెక్టు. గీడ అందరు పెండ్లికొచ్చిన్రు, మీరిద్దరేమో సావుకొచ్చిన్రు."

వదినకు ఆ మాటలు వినపడలేదు. మా ముఖాలు చాలాయి. నా వంక, ఎర్రకళ్లతో ముక్కు చీదుతున్న ఆమె వంక చూసి నవ్వడం మొదలుపెట్టింది. చింతపండు ఒళ్లోంచి జారిపోయింది. నవ్వుతూ నన్ను వీపు మీద చరిచింది. ఎందుకు నవ్వుతోందో ఆమెకు బాగా తెలుసు. మాకూ తెలుసు, నవ్వించింది మేమే కదా.

ఆ వేసవిలో చింతపండు అయిపోయినా సినిమాలు అయిపోలేదు. ఒక టీవీ, ఒక ఫ్యాను కింద నలుగురం కూర్చుంటే మూడిళ్ల కరెంటు మిగిలినట్టే, నాకేం బాధ లేదు. వదిన సినిమా చూస్తూ గట్టిగా చెబుతుంది, తన గొంతు తనకు వినపడదు కదా. "వాడు అబద్ధమాడుతున్నాడు. నోరొకటి, కళ్లొకటి." చాలాసార్లు నిజమే అవుతుంది. అన్నిసార్లూ కాదు. ఒక కొరియా సినిమాలో పాపం ఉత్తరాలు పంచే మనిషిని మొదటి నుంచి చివరి దాకా దొంగ అంది. వాడు చివరికి ఊరందరికీ దణ్ణం పెట్టి సైకిలెక్కి వెళ్లిపోయాడు. "చూశావా, దొరక్కుండా పారిపోయాడు" అంది.

ఇప్పుడు అడిగిన వాళ్లకు నేను చెప్పేది వినండి. మొదట కాసేపు మనసు మాటల కోసం వెతుకుతుంది. వెతకనివ్వండి, అలిసిపోయి అదే ఊరుకుంటుంది. తర్వాత కళ్లు పనిలోకి దిగుతాయి. చేతులకు పని పెట్టుకోండి గానీ కత్తిపీట మాత్రం వద్దు, జాకెట్ల ఆమె బెండకాయతో పాటు వేలు కోసుకుంది. వంటిల్లు కనిపించే సినిమా చూడండి. పొయ్యి ఎట్లా వెలిగిస్తారో, ముసలివాళ్లకు ముందు పెడతారో వెనక పెడతారో చూస్తే ఆ ఇంటి సంగతి సగం తెలిసిపోతుంది. కుర్చీల్లో ఇద్దరు కూర్చుని సినిమా అంతా మాట్లాడుకునేవి వద్దు. అట్లాంటిది ఒకటి పెడితే వదిన గురక మా వీధి చివరి దాకా వినపడింది. ఇంగ్లీషువి ఎందుకు వద్దంటున్నానంటే, వాటిల్లో మేడలకు మేడలు కూలిపోతాయి, ఆ దుమ్ము ఊడ్చే మనిషి ఒక్కతీ కనపడదు. నాకు ఆ దుమ్ము మీదే ధ్యాస పోతుంది. ఇరాన్ సినిమాలో చెప్పు తెగినా కుట్టించుకుంటారు. అవి చూడండి.

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేను ఇంకా అన్నం ముందు కూర్చునే ఉన్నాను. తలుపు తోసుకుని వదిన వచ్చేసింది. ఒక్కతే కాదు, కోడల్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"ఇంకా తింటున్నావా? తొందరగా కానీ" అంది నాతో. "ఇదీ చూస్తుందట. దీనికేం అర్థం కాదులే, నేను చెబుతాను."

కోడలు నా వంక చూసి నవ్వింది. కళ్లల్లో నీళ్లున్నాయి, తుడుచుకోలేదు. చాప మీద అత్తగారి పక్కనే సర్దుకుని కూర్చుంది. కథ చెప్పకూడదన్న మా ఇంటి చట్టం నాకు గుర్తొచ్చింది. ఈ ఒక్క మనిషికి చెల్లదని అక్కడికక్కడే తీర్మానించుకుని చేయి కడుక్కున్నాను.

మనవరాలు సినిమా పెట్టింది. తెర మీద ఏదో సముద్రం, పడవలు, వలలు ఆరబెడుతున్న ఆడవాళ్లు.

"ఇది ఏ దేశమండీ?" అని కోడలు మనవరాలిని అడిగింది.

వదిన ఆమె పెదవులు కదలడం చూసి మోకాలి మీద ఒకటి వేసింది. "మాటలెందుకే? ఆ నీలం గౌనావిడను చూడు. పొద్దున్నే ఎవరితోనో పోట్లాడి వచ్చింది."