గొట్టంలోంచి వచ్చిన మాట

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు భయం లేదు, విసుగు. మా ఆఫీసులో టీ టైములో ఎవరో ఒకరు మొదలుపెడతారు, నేను ఫైలు పట్టుకుని లేచిపోతాను. అలాంటిదాన్ని ఇవాళ కూర్చుని ఇది రాస్తున్నానంటే నా మీద నాకే చిరాకుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను ఇరిగేషన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుని. మాది గజపతినగరం. శ్రీకాకుళం జిల్లాలో నా సెక్షన్ కింద తెల్లదొరల కాలం నాటి రెగ్యులేటరు ఒకటుంది. నది నీళ్లు కాలువకి వదలడానికి కట్టింది. రాతిగోడల మధ్య లోతుగా ఒక గది. ఆ గదికి నది వైపు ఒక ఇనుప తలుపు, కాలువ వైపు ఇంకొకటి. పైన వంతెన మీద రెండు పెద్ద చక్రాలు. ఒక్కో చక్రం తిప్పితే ఒక్కో తలుపు లేస్తుంది. కరెంటు లేదు, మోటారు లేదు, అంత బరువునీ ఒక్క మనిషి నెమ్మదిగా లేపగలడు. కట్టినవాళ్ల పనితనం గొప్పదే, కాదనను. పక్కన కొత్తది కట్టాక దీన్ని వాడటం మానేశారు.

ఈమధ్య దీన్ని చారిత్రక కట్టడంగా గుర్తించాలని పైనుంచి కాగితం వచ్చింది. చూడటానికి ఓ బృందం వస్తుందట, వాళ్ల ముందు తలుపు ఎత్తి చూపించాలట. నేను వచ్చిన దగ్గర్నుంచీ ఒక గ్రీజు డబ్బా అడిగితే ఇవ్వనివాళ్లు ఇప్పుడు పూటకో ఫోను. ఫొటో పంపండి, ఇంకో వైపు నుంచి పంపండి, ఆ గడ్డి పీకించి మళ్లీ పంపండి. గడ్డి పీకించడానికి కూడా మా ఇంట్లోంచి కొడవళ్లు తెచ్చాను.

అసలు తలనొప్పి చక్రాలతో వచ్చింది. ఏ చక్రం ఏ తలుపుదో చెప్పేవాళ్లు లేరు. పైనుంచి చూస్తే కనబడదు, రాడ్లు రెండూ గోడలోకి దిగిపోతాయి. పాత డ్రాయింగు ఒకటి దొరికింది, సగం చెదలు తినేసింది. దాన్ని ముందేసుకుని ఓ సాయంత్రమంతా కూర్చుని, ఎడమ చక్రం కాలువ తలుపుదని తేల్చాను. తెల్ల పెయింటుతో ఎడమ దాని మీద 'కాలువ' అని, కుడి దాని మీద 'నది' అని రాయించాను. "ఏరు అని రాసీమంటారా మేడం" అని పెయింటరు అడిగాడు. నది అనే రాయమన్నాను.

మా యాసంటే నాకు చాలా ఏళ్లుగా పడదు. హైదరాబాదు హాస్టల్లో నేను "ఏటి?" అన్నానంటే చాలు, గది గదంతా నవ్వేది. నా పేరే 'ఏటి' అని పెట్టేశారు. ఏడ్చి ఏడ్చి 'ఏమిటి' అనడం నేర్చుకున్నాను. ఉద్యోగం వచ్చి మళ్లీ ఇక్కడే పడ్డాక, ఎవరైనా "ఏటి?" అంటే నాకు ఒళ్లు మండుతుంది. మా అమ్మ అన్నా సరే.

బృందం రావడానికి మూడు రోజుల ముందు ట్రయల్ పెట్టుకున్నాం. పొద్దున్న పది గంటలు, మంచి ఎండ. గదిలో నీళ్లు పంపుతో తోడించేశాం. కాలువల కాపలా చూసే లస్కరు అప్పన్న, కాలువ తలుపు గాడి శుభ్రం చేయడానికి లోపలికి దిగాడు. అప్పన్న యాభై దాటినవాడు, నెమ్మదస్తుడు. నాలుగేళ్లలో నాతో "అలాగే మేడం" తప్ప ఇంకో ముక్క అన్నవాడు కాదు. మేం కాలువ తలుపు జానెడు ఎత్తితే, అది గాడిలో ఎక్కడైనా ఒరుసుకుంటోందేమో అతను లోపల్నుంచి చూడాలి. కాలువ ఎండిపోయి ఉంది కాబట్టి ప్రమాదం లేదు. నది మాత్రం రెండో తలుపు అవతల నిండుగా ఉంది.

కింద ఉన్నవాడితో పైనున్నవాడు మాట్లాడటానికి గోడలోంచి ఒక ఇనుప గొట్టం ఆ కాలంలోనే పెట్టారు. దాని మూత తీసి అరిచాను.

"అప్పన్నా, తలుపు ఎత్తించనా?"

కాసేపటికి కింద నుంచి బొంగురుగా వచ్చింది. "ఏటి తలుపు."

ఏ తలుపని అడుగుతున్నాడు. పొద్దున్నుంచి చెప్తున్నదే కదా. "నీ ముందున్న తలుపే" అన్నాను.

"ఏటి తలుపు."

మళ్లీ చెప్పాను. మళ్లీ అదే మాట. నాలుగోసారికి నా ఓపిక అయిపోయింది. "ఎత్తుతున్నాం, చూసుకో" అని అరిచి, ఎడమ చక్రం దగ్గర నిలబడ్డ వర్క్ ఇన్‌స్పెక్టర్ సింహాచలానికి సైగ చేశాను. అతను రెండు చేతులతో చక్రం పట్టుకున్నాడు.

అప్పుడు గొట్టంలోంచి గట్టిగా వచ్చింది. "ఒసే, ఏటి తలుపే."

లస్కరు నన్ను ఒసే అన్నాడు. సింహాచలం తల వంచుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. చక్రం వదిలెయ్యమని చెప్పి, అప్పన్నని కడిగెయ్యాలని ఆ పాచి పట్టిన మెట్లన్నీ దిగాను.

అప్పన్న అటు తిరిగి ఇనుప బ్రష్‌తో గాడి గీకుతున్నాడు. నేను పిలిస్తే ఉలిక్కిపడ్డాడు.

"నన్ను ఏమన్నావు?"

"నానేటీ అన్లేదు మేడం."

"గొట్టంలో నువ్వు కాక ఇంకెవరు మాట్లాడారు?"

అతను అయోమయంగా గోడ మీదకి టార్చి వేశాడు. గొట్టం మూతి నిండా మట్టి గట్టిపడి, అందులోంచి ఏదో మొక్క వేళ్లు వేలాడుతున్నాయి. "ఇది మూసుకుపోయి సానా యేళ్లయినాది మేడం. ఇందులోంచి ఏటీ ఇనబడదు" అన్నాడు.

అబద్ధమనుకున్నాను. టార్చి లాక్కుని గది అంతా వేశాను, ఇంకెవరైనా దాక్కున్నారేమోనని. వెలుగు నది వైపు తలుపు మీద పడింది. ఆ పొద్దున్న సింహాచలం ఎడమ చక్రానికి, దాని రాడ్డుకి మాత్రమే గ్రీజు పెట్టాడు. ఆ పచ్చటి కొత్త గ్రీజు నది తలుపు రాడ్డు మీంచి బొట్లు బొట్లుగా జారుతోంది. అప్పన్న పక్కనున్న కాలువ తలుపు రాడ్డు తుప్పు పట్టి పొడిగా ఉంది.

డ్రాయింగు కాలువ వైపు నుంచి చూసి గీసింది. నేను నది వైపు నుంచి అనుకుని చదివాను. కుడి ఎడమైంది.

అక్కడే గోడ పట్టుకున్నాను. ఏటి తలుపు. నన్నెవరూ ఏమీ అడగలేదు. అది ఏటి వైపు తలుపని చెప్పారు, ఐదుసార్లు చెప్పారు. మా ఊళ్లో అక్షరం రాని ముసలమ్మకి కూడా అర్థమయ్యే మాట. ఆ గొంతు మీద కూడా కోపం వచ్చింది నాకు, నది గేటు అని ఒక్క ముక్క అనొచ్చు కదా అని. తర్వాత సిగ్గేసింది.

మర్నాడు గొట్టం తవ్వించాను. మూరెడు లోతు దాకా మట్టి రాయిలా ఉంది, గాలి కూడా దూరదు. సింహాచలాన్ని అడిగితే, "నాకు ఒసే అన్నదొక్కటే ఇనిపించినాది మేడం, అప్పన్నకి పిచ్చెక్కినాదనుకున్నాను" అన్నాడు. పాత కాలం లస్కరెవరో ఇంకా కాపలా ఉన్నాడని తేల్చేసి, కొబ్బరికాయ పట్టుకొచ్చాడు. తిట్టి పంపించాను. ప్రతిధ్వని అందామంటే, నేను అనని మాట ఎలా తిరిగొస్తుంది? ఎంత ఆలోచించినా నాకు తెగడం లేదు.

చక్రాల మీద అక్షరాలు వంకరగా ఉన్నాయని వంక పెట్టి, చెరిపేసి నేనే మార్చి రాశాను. బృందం వచ్చింది, తలుపు లేచింది, చప్పట్లు కొట్టారు, ఫొటోలు దిగారు.

ఆ రోజు గదిలో నేను గోడ పట్టుకుని అలాగే నిలబడిపోతే, అప్పన్న నాకింకా కోపం తగ్గలేదనుకున్నాడు. బ్రష్ కింద పెట్టి, తను అనని మాటకి రెండు చేతులూ జోడించాడు. "తప్పయిపోనాది మేడం, మనసులో ఎట్టుకోకండి" అన్నాడు.

"సర్లే, పైకి రా" అన్నాను. అతన్ని చంపబోయింది నేనని ఇప్పటికీ అతనికి చెప్పలేదు.