ఆదివారం రానన్న అమ్మమ్మ

మొన్న ఎవరో నా ఫోనుకి బెల్లం వండే వీడియో పంపారు. పెద్ద పెనంలో చెరకు రసం సలసల కాగుతుంటే, నోరూరుతోందని కింద అందరూ రాసుకున్నారు. పొద్దస్తమానం ఫోను వదలని ముసలిదాన్ని, నేనూ ఏదో ఒకటి రాసేదాన్నే గానీ, ఆ పెనం కింద పొగ చూడగానే డెబ్బై ఏళ్ళ కిందటి కోపం చెక్కుచెదరకుండా లేచి కూర్చుంది.

మన ఈడువాళ్ళకి చెబితే అర్థమవుతుంది. యాభైల్లో, విశాఖపట్నం హార్బరులో పనిచేసే నాన్న జబ్బుచేసి పోయాక, అమ్మ నన్ను తీసుకుని చోడవరం దగ్గర పల్లెలో ఉన్న అమ్మమ్మ ఇంటికి చేరింది. వీధి దీపాలూ కుళాయి నీళ్ళూ మరిగిన పదేళ్ళ పిల్లని, అక్కడ నాకు ప్రతిదానికీ చిరాకే. ఒక ఆసామి చెరకుతోటలో అమ్మ గెడలు మోసేది, అమ్మమ్మ బెల్లం పెనం కింద మంట చూసేది. గానుగ ఆడే ఆ నాలుగు నెలల కూలే మాకు ఏడాదంతా ఆధారం. మేం క్రైస్తవులం, ఆదివారం పనిచేయం. నరికిన చెరకు నిలవుంటే పులిసిపోతుంది కాబట్టి, శనివారం నరకవద్దని ఆసామితో ముందే మాట్లాడుకుని, అందుకు బదులుగా మిగతా ఆరు రోజులూ అమ్మమ్మ అందరికంటే ముందు పొయ్యి దగ్గరుండేది.

ఆ ఏడు ఆసామికి ఏం పుట్టిందో, శనివారం బండ్లకొద్దీ చెరకు నరికించాడు. ఆదివారం పొద్దున్న మా తాటాకు ప్రార్థన పాకలో అందరం మోకాళ్ళ మీద ఉండగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటే ముసలీ, సెరుకక్కడ పులిసిపోతంటే నువ్విక్కడ కళ్ళు మూసుకుని కూకున్నావా? నీ దేముడికి సోమారం కాళీ ఉండదేటి?"

అమ్మమ్మ లేచి, చీరకంటిన మట్టి దులుపుకుంది. "ఆయనకి కాళీయే బాబూ. నాకే సోమారం మీ తోటలో పనుంది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే మా కొంప ముంచింది.

"అయితే నువ్వూ నీ కూతురూ సోమారం కూడా రాకండి. ఈ ఏడు నా గట్టు తొక్కితే సూడు," అని వెళ్ళిపోయాడు.

అమ్మమ్మ మళ్ళీ మోకరించి, ఆగిన చోటినుంచే ప్రార్థన అందుకుంది.

వండిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేసి, ఆదివారం సంఘానికి తీసుకెళ్ళడం మా ఆడవాళ్ళ అలవాటు. మూడు వారాలకి ఇంట్లో గంజి పలచబడింది గానీ ఆ గుప్పెడు మాత్రం ఆగలేదు. నాలుగో వారం మా పాస్టరయ్యగారు అందరి గుప్పెళ్ళూ కలిసిన ఆ బియ్యాన్నే మూట కట్టి మా ఇంటికి తెచ్చారు. అమ్మమ్మ వద్దనలేదు. అయితే ఎసట్లో పోయబోతూ ఆగి, అందులోంచే ఒక గుప్పెడు తీసి మళ్ళీ ఆ కుండలో వేసింది. నాకు ఒళ్ళు మండి కుండ మీదికి కాలెత్తాను. ఊరికే ఇచ్చినదాంట్లో కూడా దేవుడికి వాటా ఏమిటని అరిచాను.

అమ్మమ్మ నా కాలు పట్టుకుని కింద పెట్టింది. "ఆసామి పని తీసేసుకున్నాడు, సరే. నా సెయ్యి కూడా తీసేసుకున్నాడేటి? నేను తీసుకునీదాన్నే కాదే గుంటా, ఇచ్చీదాన్ని కూడా."

ఆసామి మళ్ళీ పిలవలేదు, మేమూ వెళ్ళి అడగలేదు. అమ్మనీ నన్నూ వెంటేసుకుని అమ్మమ్మ వడ్డాది వైపు మినుముచేలకి నడిచింది. కూలి సంగతి కంటే ముందు, ఆదివారం రామని చెప్పేది. రెండు చోట్ల పొమ్మన్నారు, మూడోచోట దిగమన్నారు.

ఇప్పుడు మా ఇంట్లో అందరికీ ఆదివారం సెలవే. గుమ్మంలో నిలబడి పనికి రమ్మనే ఆసామి లేడు. అయినా ఆరాధనకి బయల్దేరే వేళకి ఒకరికి నిద్ర తీరదు, ఒకరికి సినిమా టికెట్లుంటాయి, నాకు నాలుగు చినుకులు పడితే మోకాళ్ళు నొప్పి. గంజి తాగి అమ్మమ్మ నిలబెట్టుకున్న రోజుని, ఎవరూ అడక్కుండానే మేం వదిలేసుకుంటున్నాం.