బావగారు పట్టని బండి

మా ఊళ్లో అగ్నెటా అంటే ముందు బండి గుర్తొస్తుంది, ఆ తర్వాతే మనిషి. ఉత్తర స్వీడన్ అడవుల్లో ఉన్న మాలాంటి ఊరికి ఆస్పత్రి చాలా దూరం. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి మందులిచ్చి, కట్లు కట్టి వచ్చే నర్సు ఉద్యోగం ఆమెది. ఆమె పొడుగాటి స్టేషన్ వ్యాగనే మాకు సామాన్ల లారీ, కుక్కల బండి, అంబులెన్సు, ఒక్కోసారి పురిటిగది కూడా. వెనక సీట్లు మడిచేస్తే నేల బల్లపరుపుగా పరుచుకునేది. ఆరడుగుల మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. నా రెండో కూతురు ఆ బండిలోనే, వంతెన మీద, దారి మధ్యలో పుట్టింది. కాబట్టి ఈ కథలో నేను ఎటూ మొగ్గకుండా మాట్లాడతానని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

అగ్నెటాకి కోపం తొందరగా రాదు. వచ్చిందంటే పోదు. చిన్నప్పుడు ఎడంచేత్తో రాస్తోందని వేళ్ల మీద కొట్టిన పంతులమ్మ ముసలిదై మంచాన పడితే, ఈమే వెళ్లి ఇంజెక్షన్లు ఇచ్చేది. ఎడంచేత్తోనే ఇచ్చేది. "నొప్పెట్టిందా టీచర్?" అని ఎంతో ప్రేమగా అడిగేది. పంతులమ్మ చచ్చేదాకా ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు.

ఆమె మొగుడు ఎవర్ట్ వడ్రంగి, వెన్నలాంటి మనిషి. అన్న స్టెల్లాన్ ముందు నోరు పెగలదు, అదొక్కటే అతని లోపం. స్టెల్లాన్ పట్నంలో కార్లమ్మేవాడు. మా వేట జట్టుకి పెద్ద కూడా అతనే. ఏటా ఆకులు రాలే కాలంలో ఊరంతా నారింజ రంగు టోపీలు పెట్టుకుని మూస్ వేటకి బయల్దేరుతుంది. మూస్ అంటే గుర్రమంత ఎత్తుండే దుప్పి. వేటకి ముందు అడవిలోని గుడిసెలో కాఫీ తాగుతూ కబుర్లాడుకుంటాం. కొన్నేళ్లుగా ఆ కబుర్లన్నీ ఒక్క దాని చుట్టూనే తిరిగేవి. స్టెల్లాన్ దుకాణానికి కొత్తగా వచ్చిన క్రాసోవర్ ఎస్‌యూవీ, అంటే జీపులా ఎత్తుగా ఉండే కారు.

"ఇక వ్యాగన్ల పని అయిపోయింది," అనేవాడు స్టెల్లాన్, దాల్చినచెక్క బన్ను నములుతూ. "పదేళ్లలో ఒక్కటి కనబడితే నా చెవి కోసిస్తా. పైన కూచుంటే రోడ్డంతా కాళ్ల కింద ఉన్నట్టుంటుంది. మంచుకి భయం లేదు, గతుకులకి భయం లేదు."

"డిక్కీ సంగతేంటి బావగారూ?" అనేది అగ్నెటా. "వెనకద్దం అంత ఏటవాలుగా పెట్టారు. అందులో దుప్పి పడుతుందా?"

"దుప్పికి వెనక తగిలించే ట్రైలర్ ఉంది కదమ్మాయ్."

"కుక్క?"

"ఎత్తి కూచోబెట్టు."

"మనిషి?"

"మనిషి ముందు కూచుంటాడే! వెనక పడుకునేవాణ్ణి దృష్టిలో పెట్టుకుని ఎవడన్నా కారు కొంటాడా?"

అందరం నవ్వాం. నవ్విన వాళ్లలో సగం మంది మరుసటి వేసవికల్లా అతని దగ్గరే క్రాసోవర్లు కొన్నారు.

ఆ ఏడే అగ్నెటా పెద్దకూతురి పురిటికని రైల్లో దక్షిణ స్వీడన్‌కి వెళ్లింది. తిరిగొచ్చేసరికి వాకిట్లో వ్యాగన్ లేదు. దాని చోట తళతళలాడుతున్న క్రాసోవర్, ముక్కుకి ఎర్ర రిబ్బను.

"నా బండేదీ?"

"అన్నయ్య మార్చేశాడు," అన్నాడు ఎవర్ట్, కళ్లెత్తకుండా. "ఇక ముందు వ్యాగన్లకి విడిభాగాలు కూడా దొరకవట. నీకు సంతోషంగా ఉంటుందనుకున్నా."

"ఎవర్ని అడిగి మార్చారు?"

ఆమె స్టెల్లాన్‌కి ఫోన్ చేసింది. వ్యాగన్ని అప్పటికే ఎవరో గొర్రెలవాడికి అమ్మేశానన్నాడు. "నాలుగు రోజులు నడిపి చూడమ్మాయ్, నన్నే మెచ్చుకుంటావ్," అని నవ్వాడు.

ఆ చలికాలం మంచు విపరీతంగా కురిసింది. ఇంటికప్పు కూలకుండా మంచు తోద్దామని పైకెక్కిన ఎవర్ట్ జారి, రాళ్ల అరుగు మీద పడ్డాడు. కటి ఎముక విరిగింది. కాస్త వంచితే చాలు, అరుపులు. పక్కిల్లే కాబట్టి పరిగెత్తుకెళ్లాను. అంబులెన్సు జిల్లా అవతలి కొసన ఉంది. గాలివానలా మంచు కొడుతుంటే హెలికాప్టర్ లేవదన్నారు. అగ్నెటా కొట్టం తలుపు ఊడబీకి, దాని మీద అతన్ని పడుకోబెట్టింది. ఇద్దరం మోసుకెళ్లి క్రాసోవర్ వెనక్కి తోశాం. సీట్లు మడిచినా నేల మెట్టులా లేచి ఉంది. తిన్నగా తోస్తే మోకాళ్ల దగ్గర్నుంచి బయటే. ఐమూలగా తోస్తే తల అద్దానికి కొట్టుకుంటోంది. ఇంకో వ్యాగన్ కోసం ఊరంతా ఫోన్లు చేశాను. స్టెల్లాన్ ధర్మమా అని ఒక్కటీ మిగల్లేదు. చివరికి ఎవర్ట్‌ని వంటింట్లోకి తెచ్చి, పొయ్యి పక్కన పడుకోబెట్టి, అంబులెన్సు కోసం కూచున్నాం. అది వచ్చింది. ఆస్పత్రి చేరేలోపే అతను పోయాడు.

"లోపల్లోపల రక్తం పోయింది," అన్నాడు డాక్టరు. ముందే తెచ్చుంటే బతికేవాడా అని అగ్నెటా అడిగింది. "చెప్పలేమమ్మా," అన్నాడు.

ఖననం అయ్యాక అందరికీ కాఫీ, కేకు పెట్టాం. స్టెల్లాన్ ఏడ్చాడు, ఏడవలేదని నేననను. కానీ కళ్లు తుడుచుకుని, పక్కనున్నవాళ్లతో ఏమన్నాడో తెలుసా? "ఏమైనా, అంత చలిలోనూ బండి మాత్రం ఒక్క నొక్కుకే స్టార్టయిందట." కేకు కోస్తున్న అగ్నెటా చెయ్యి ఆగలేదు. ముక్కలన్నీ సమానంగానే కోసింది. పళ్లాలు తోముతున్నప్పుడు మాత్రం నా చెవిలో అంది: "వీణ్ణి ఊరికే వదలను వివెకా. ఎవర్ట్ పట్టని చోట వీణ్ణి పడుకోబెడతా."

మర్నాడే గొర్రెలవాడి ఊరికెళ్లి క్రాసోవర్ వాడి మొహాన కొట్టి, తన వ్యాగన్ తెచ్చుకుంది. గొర్రెల కంపు వదలడానికి వేసవంతా పట్టింది. వేట జట్టులోంచి మాత్రం తప్పుకోలేదు. స్టెల్లాన్ పక్కనే కూచుని కాఫీ తాగేది. ఆడది చల్లబడిందిలే అనుకుంది ఊరు. ఇంజెక్షన్ల సంగతి ఊరు మరిచిపోయినట్టుంది.

మూడేళ్లు గడిచాయి. వేట మొదటిరోజు, సన్నటి మంచువాన. చిత్తడినేల పక్కన చెక్క మంచె మీంచి దిగుతూ స్టెల్లాన్ నిచ్చెన తడికి జారాడు. తొడ ఎముక రెండుగా విరిగింది. పొగమంచులో హెలికాప్టర్ రాదు, అడవిదారిలోకి అంబులెన్సు రాదు. పడుకోబెట్టి మీరే ఆస్పత్రికి తీసుకురండన్నారు ఫోన్లో. అగ్నెటా కూర్చుని, రెండు కర్రలు పెట్టి కాలు గట్టిగా కట్టింది. ఆ పనిలో వంక పెట్టడానికేమీ లేదు. తర్వాత లేచి చేతులు జేబుల్లో పెట్టుకుంది.

"తాళాలివ్వు, బండి తెస్తా," అన్నాడు తూరె, మా జట్టులో కట్టెలు కొట్టేవాడు.

"నా బండెందుకూ? బావగారిది అక్కడే ఉందిగా. కొత్తది, ఎత్తుది. గతుకులకి భయం లేనిది."

"అందులో మనిషి పట్టడే!"

"ఆ మాట నువ్వెందుకు చెప్పాలి? అమ్మేవాడు ఆయన. పట్టించి చూడండి."

ఎవరికీ ఎదురుచెప్పే ధైర్యం లేదు. నాకైతే చెప్పాలని కూడా అనిపించలేదు. నలుగురు కలిసి స్టెల్లాన్ని మోసుకెళ్లి అతని క్రాసోవర్లోకి తోశారు. విరిగిన కాలు మెట్టుకి తగిలి, అడవి మారుమోగేలా అరిచాడు. మోకాళ్లు బయట ఉండిపోయాయి. మంచువాన వాటి మీద పడుతోంది. అగ్నెటా అతని మొహం దగ్గరికి వంగింది.

"పట్టారా బావగారూ?"

"లేదు... నీకు దండం పెడతా తల్లీ, నీ బండి తే."

"ఇంకెవరు పట్టలేదు?"

అతను కళ్లు మూసుకున్నాడు.

"అగ్నెటా, చాలు!" అన్నాడు తూరె. "మనిషి పాలిపోతున్నాడు!"

"ఇంకెవరు పట్టలేదు?"

"ఎవర్ట్."

"గట్టిగా చెప్పండి. తూరెకి వినబళ్లేదు."

"ఎవర్ట్ పట్టలేదు!" అని కేకపెట్టాడు స్టెల్లాన్. "నా తమ్ముడు పట్టలేదు! నాదే తప్పు, నాదే!"

అప్పుడు అగ్నెటా జేబులోంచి తాళాలు తీసింది. వ్యాగన్ వెనక అతను చక్కగా, తిన్నగా పట్టాడు. నేను అతని తల ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. ఆ అడవిదారిలో ఏ గుంట ఎక్కడుందో అగ్నెటాకి కళ్లు మూసుకున్నా తెలుసు. ఒక్కటీ వదిలిపెట్టలేదు. తారురోడ్డు ఎక్కాక మాత్రం, అంత వేగంగా బండి నడిపినవాళ్లని నేనింతవరకు చూడలేదు.

ఆస్పత్రిలో డాక్టరు బయటికొచ్చి మెచ్చుకున్నాడు. "లోపల రక్తం చాలా పోయింది. పడుకోబెట్టి తెచ్చారు కాబట్టి దక్కాడు. అంబులెన్సు కోసం ఎదురుచూస్తూ కూచునుంటే పోయేవాడు."

అగ్నెటా అక్కడే, నడవలో, నేల మీద కూలబడింది. ఆమె మూడేళ్లు ఆ "చెప్పలేమమ్మా" అన్న మాట పట్టుకునే బతికింది. దానిలోంచే కోపం తెచ్చుకునేది, మరీ నిద్ర పట్టనప్పుడు కాస్త ఊరట కూడా దానిలోంచే తెచ్చుకునేది. ఇప్పుడు ఆ మాట పోయింది. "అంటే బతికేవాడు వివెకా," అంది. "నా బండి ఉంటే నా ఎవర్ట్ బతికేవాడు." నారింజ టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. అంతకుముందు పెళ్లిలో గానీ చావులో గానీ ఆమె ఏడవగా నేను చూడలేదు.

మంచు కరిగే రోజుల్లో స్టెల్లాన్ చంకకర్రలతో ఆమె గుమ్మంలోకి వచ్చాడు. నేను వంటింట్లో ఉన్నాను. అగ్నెటా తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. కాఫీకి రమ్మనకుండా గుమ్మంలో నిలబెట్టడమంటే మా వైపు చెంపదెబ్బ కంటే ఎక్కువ.

"ప్రాణం పోశావమ్మాయ్," అన్నాడు. "దుకాణంలో మళ్లీ వ్యాగన్లు పెట్టిస్తున్నా. మొదటిది నేనే కొనుక్కున్నా. నన్ను క్షమించు."

అగ్నెటా అతని చంకకర్రలకేసి, వెనకున్న కొత్త వ్యాగన్‌కేసి చూసింది.

"నూరేళ్లు బతకండి బావగారూ," అంది నెమ్మదిగా. "రోజూ పొద్దున్నే లేచి, తమ్ముడు బతికుండేవాడని తలుచుకుంటూ నూరేళ్లు బతకండి. అందుకే తెచ్చాను మిమ్మల్ని."

తలుపు వేసి వచ్చి, నాకు కాఫీ పోసింది.