స్విస్ ఇంజిన్‌కు ఆయుధపూజ

1975లో మస్కట్ శివారున రూవీ దగ్గరి విద్యుత్ కేంద్రంలో నన్ను షిఫ్ట్ ఇంజనీరుగా వేశారు. ఆ దసరా వెళ్ళగానే స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన కొత్త డీజిల్ ఇంజిన్‌కు అంగీకార పరీక్ష పెట్టారు. అంటే పూర్తి లోడు మీద మూడు రోజులు ఆగకుండా నడవాలి. మధ్యలో ఆగితే లెక్క మళ్ళీ మొదటికి.

ఇంజిన్‌తో పాటు వచ్చిన కమిషనింగ్ ఇంజనీరు వాల్టర్ మితభాషి. ఆయన దేశంలో చమురు లేదు, చెప్పుకోదగ్గ గనులు లేవు. యంత్రాలు, గడియారాలు అమ్ముకుని బతకాలి. భద్రంగా ఉంటుందని లోకమంతా తన డబ్బును అక్కడికే తరలిస్తున్న రోజులవి. దాంతో వాళ్ళ కరెన్సీ ఫ్రాంకు విలువ పెరిగి, వాళ్ళ సరుకు బయటివాళ్ళకు ప్రియమైంది. వాల్టర్ పనిచేసే ఫ్యాక్టరీ వారంలో సగం రోజులే నడుస్తోందట. ఇక్కడ రెండో ఇంజిన్ ఆర్డరు కూడా దొరికితే, ఇంట్లో కూర్చున్న తన తమ్ముడికి మళ్ళీ పని ఉంటుందని ఒకసారి చెప్పాడు. ఆ ఆర్డరు కోసం జపాన్ వాళ్ళేమో గుమ్మంలోనే కాచుకుని ఉన్నారు.

మూడో రోజు మధ్యాహ్నం ఇరుసును మోసే మెయిన్ బేరింగ్ వేడిని చూపే మీటరు ముల్లు పైకి పాకడం మొదలుపెట్టింది. ఎర్ర గీతకు ఇంకా ఎడముంది. సాయంత్రానికి పరీక్ష ముగుస్తుంది. కొనుగోలుదారు తరఫు ఇన్‌స్పెక్టరు, గీత దాటలేదు కదా అని ఊరుకున్నాడు. వాల్టర్ మాత్రం ఇంజిన్ ఆపాలన్నాడు.

మా ఫిట్టర్ లింగయ్యది కరీంనగర్ వైపు. "సార్, గింత దూరం వచ్చినంక బంద్ జేస్తరా? జర ఆగుమనుండ్రి ఆయనను," అన్నాడు. నేనూ అదే చెప్పబోయాను. వాల్టర్ నా మాట పూర్తి కానివ్వలేదు. కారణం తెలియని వేడి మీద ఇంజిన్ నడపనని చెప్పి, లోడు దించి ఆపేశాడు.

చల్లారాక తెరిచి చూస్తే బేరింగ్ అద్దంలా ఉంది. తప్పు ముల్లుది. పరీక్షకు ముందు ఆయుధపూజకు కేంద్రంలోని మనవాళ్ళు ఇంజిన్‌కు బకెట్లతో స్నానం చేయించి పసుపు కుంకుమలు పెట్టారు. ఆ నీళ్ళు మీటరు తీగల పెట్టెలోకి దిగి కనెక్షన్లకు చిలుము పట్టించాయి. భక్తి ముదిరితే యంత్రానికీ జలుబే!

లింగయ్య ముఖం మాడిపోయింది. "మా ఊర్ల మోటర్లకు గిట్లనే జేస్తం సార్, ఎన్నడు ఏం గాలే," అన్నాడు. వాల్టర్ తిట్టలేదు. తీగలు శుభ్రం చేసి, మూత బిగించి, పరీక్ష మొదటినుంచి నడిపించాడు. ఇంజిన్ నెగ్గింది.

రెండో ఆర్డరు మాత్రం జపాన్‌కే వెళ్ళింది. ఆలస్యం వల్ల కాదు, ఫ్రాంకు ధర వల్లేనని ఇన్‌స్పెక్టరు మా అందరి ముందూ చెప్పాడు. లింగయ్య ఊపిరి పీల్చుకున్నాడు. వాల్టర్‌కు అదేమీ ఊరట కాలేదు.

పనితనం ఒక దేశానికి నమ్మకం తెస్తుంది. ఆ నమ్మకం డబ్బును రప్పిస్తుంది. ఆ డబ్బే చివరికి పనితనాన్ని ఎవరూ కొనలేని ధరకు చేర్చగలదు. దాన్ని సరిచేసే పానా ఏ ఇంజనీరు సంచిలోనూ ఉండదు.